మొక్కకు రాయితీ ఉంది, మాటకు లేదు

ఉద్దానంలోని మా తోటలో తూర్పు గట్టు పక్క జీడిచెట్టు మొదలు తడిమితే చేతికి జిగురు అంటుకుంది. కింద ఇసుక మీద రంపప్పొట్టులాంటి ఎర్రటి పొడి రాలి ఉంది. పైకి చూస్తే ఆకు పండబారుతోంది. ఒక రెమ్మ తుంచి కాగితంలో చుట్టుకుని కాశీబుగ్గ వెళ్లాను. పురుగుమందుల కొట్టాయన కాగితం పూర్తిగా విప్పనే లేదు. "దోమండీ, ఊరంతా ఇదే" అంటూ రెండు సీసాలు బల్ల మీద పెట్టాడు. పన్నెండొందల చిల్లర. తెచ్చి కొట్టించాను. కూలి వేరే.

మరుసటేడు పూతవేళకు ఆ చెట్టు నిలువునా ఎండింది. చుట్టూ ఉన్న మూడు చెట్లు దాని వెనకే పోయాయి. నరికించి మొదలు తవ్విస్తే వేళ్లలో తెల్లటి పురుగులు సొరంగాలు చేసుకుని కాపురాలుంటున్నాయి. కాండం, వేరు తొలిచే పురుగు. ఆకు మీద కొట్టిన మందుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. గొడ్డలి పట్టుకున్న పెద్దాయన నా వంక జాలిగా చూశాడు.

"పైన కొడితే ఇది సస్తాదేటి బావూ? పొట్టు రాలినప్పుడే బెరడు సెక్కి పురుగుని ఏరీవలిసింది. ఆకు పండిపోయిన సెట్టు మరి బతకదు. దాన్ని అప్పుడే పెరికించుంటే పక్కవైనా దక్కును."

తర్వాత జీడి పరిశోధకుల సూచనలు తెప్పించుకుని చదివాను. పెద్దాయన చెప్పిందే ఉంది. సగం బెరడు పోకముందే పురుగును తీస్తే చెట్టు నిలుస్తుంది, ఆకులు పండిపోయాక దాన్ని వేళ్లతో సహా తీసేయాలి, వదిలేస్తే అదే పక్క చెట్లకు పురుగుల పుట్ట. బాపట్ల పరిశోధన స్థానానికి తెలుసు. గొడ్డలి పట్టినవాడికి తెలుసు. మధ్యలో డబ్బు పెట్టిన నాకే తెలీలేదు. నాకు చెప్పవలసిన మనిషి ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని పలాస నుంచి టెక్కలి దాకా, అటు కవిటి, కంచిలి దాకా తిరిగాను. ఆ మనిషి లేడు. ఎప్పుడూ లేడు. ఆ కుర్చీయే ఎవరూ వేయలేదు.

తోటలోకి వచ్చేవాళ్లకు కొదవ లేదు. మందుల కొట్టువాడి కుర్రాడు వస్తాడు, సీసా అమ్ముతాడు. నర్సరీవాడు అంటు అమ్ముతాడు. అది నిజంగా బీపీపీ-8 రకం అవునో కాదో కాపుకొచ్చే దాకా తెలీదు, అప్పటికి వాడి ఫోను నంబరు మారిపోతుంది. జీడిపిక్కల వ్యాపారి బస్తా ధర తానే చెప్పి తూకం తానే వేస్తాడు. కట్టె వ్యాపారి దూరం నుంచే చెట్టుకు రేటు కట్టేస్తాడు. కాగితపు మిల్లు తరఫున వచ్చేవాడు సరుగుడు నారు ఇచ్చి, మూడు నాలుగేళ్లకు కలప కొనడానికి మళ్లీ వస్తాడు. ఇక ప్రభుత్వం మనిషి. ఆయన లెక్క రాసుకోవడానికి వస్తాడు. ఇంతమందిలో నా తోట బాగుంటే తనకు లాభం, పాడైతే తనకు పరువు తక్కువ అనుకునేవాడు ఒక్కడు లేడు.

ఉద్యాన సహాయకుణ్ణి తిట్టను. గ్రామ సచివాలయాలు పెట్టిన 2019 నుంచి చాలా ఊళ్లలో ఒక కుర్రాడో అమ్మాయో ఉన్నారు. చదువుకున్నవాళ్లే. కానీ వాళ్ల రోజంతా ఫోనులో ఈ-క్రాప్ అనే పంటల నమోదుకూ, ఫొటోలు ఎక్కించడానికీ, మీటింగులకూ సరిపోతుంది. మా ఊరికొచ్చిన అమ్మాయిని "చెట్టు మొదలు చూస్తావా తల్లీ" అని అడిగితే, "సాయంత్రంలోపు అరవై సర్వే నంబర్లు పూర్తి చెయ్యాలి తాతగారూ" అంది. ఆ పిల్ల తప్పేముంది? చెట్టును చూసే ఉద్యోగానికి తీసుకుని, చెట్లను లెక్కించే పనిలో పెట్టారు.

ఇప్పుడు రాయితీల సంగతికొద్దాం. డబ్బు లేదని ఎవరూ అనలేరు. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014-15 నుంచి నడుస్తోంది. జీడితోట కొత్తగా వేస్తే లెక్కగట్టిన ఖర్చులో 40 శాతం ప్రభుత్వ వాటా. అది వాయిదాల్లో ఇస్తారు, మొక్కలు బతికుంటేనే తర్వాతి వాయిదా. కొబ్బరి బోర్డు పథకంలో ముసలి చెట్టు, తెగులు పట్టిన చెట్టు కొట్టేయడానికి చెట్టుకు 1,000 రూపాయలు, హెక్టారుకు 32 చెట్ల దాకా ఇస్తూ వచ్చారు. తిరిగి నాటే మొక్కకు 40 రూపాయలు ఇచ్చేవారు. పొలం గట్ల మీద, చేలల్లో చెట్లు పెంచమని 2016-17లో వ్యవసాయ అడవుల ఉప మిషన్ ఒకటి తెచ్చారు, అందులో సగం ఖర్చు వాళ్లది, సగం మనదిగా ఉండేది. ఉపాధి హామీలో గొయ్యి తవ్వడానికి కూలి దొరుకుతుంది.

ఈ పథకాల మార్గదర్శకాలు ఓపికగా చదవండి. గొయ్యికి డబ్బుంది. మొక్కకు ఉంది. ఎరువుకు, డ్రిప్ గొట్టానికి ఉంది. రైతు తనకు నచ్చిన తెలిసిన మనిషిని పిలిచి, తోట చూపించి, పదేళ్లకు ఏం చెయ్యాలో రాయించుకోవడానికి ఎన్ని రూపాయలు? సున్నా. శిక్షణ అనే పద్దు ఒకటుంటుంది. ఆ శిక్షణలు నేనూ చూశాను. ఒక సంచి, ఒక పెన్ను, పులిహోర పొట్లం, తెర మీద కేరళ తోటల ఫొటోలు, మధ్యాహ్నం సంతకాలు. నా చెట్టు మొదట్లో పొట్టు రాలుతున్న సంగతి ఆ హాల్లో ఎవరికి చెప్పను?

రెండో వాయిదా ఇచ్చేముందు బతికిన మొక్కలు లెక్కపెడతారన్నాను కదా. ఆ లెక్క సరదాగా ఉంటుంది. చచ్చిన మొక్క ఎందుకు చచ్చిందో రాయడానికి గడి లేదు. చచ్చిందనే గడి మాత్రం ఉంది. మొక్క పోయినందుకు రైతుకు వాయిదా కోత పడుతుంది. చచ్చే మొక్క ఇచ్చినవాడికి వచ్చే ఏడు మళ్లీ ఆర్డరు పడుతుంది.

అసలు ఉద్దానం తోట రాయితీ ఫారంలోనే పట్టదు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు పెద్దలు. ఆ పేరుకు తగ్గట్టు ఇక్కడి తోటలో పైన కొబ్బరి, దాని నీడన పనస, మామిడి, అంచున జీడి, కింద అరటి, అనాస, కంద. గాలికి అడ్డంగా గట్టున సరుగుడు. ఒకటి పోయిన ఏడు ఇంకొకటి బియ్యం తెచ్చిపెట్టేది. ఫారంలో మాత్రం "పంట పేరు" అని ఒకే గడి ఉంటుంది, మొక్కకూ మొక్కకూ దూరం ఏడు మీటర్లు, హెక్టారుకు రెండొందల మొక్కలు. రాయితీ కావాలంటే పాత కలగలుపు తోట చదును చేసి గళ్ల పద్ధతిలో నాటాలి. అటవీశాఖ కళ్లకు ఇది తోట. ఉద్యానశాఖ కాగితంలో ఇది ఒక పంట. తాతలు పెంచుకున్న ఈ అడవిని అడవిగా చూసి సలహా చెప్పే శాఖ రాష్ట్రంలో లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మండలం పల్లెసారధి పేరు ఆ రోజు దేశమంతా విన్నది. తెల్లారి చూస్తే మాకు ఊరి నుంచి సముద్రం కనిపించింది. అంతవరకు ఎప్పుడూ కనిపించలేదు, మధ్యలో కొబ్బరి ఉండేది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లం. అయినా అంత వినాశనం ఎరగం.

పరిహారం ఇచ్చారు. ఇవ్వలేదని అబద్ధం ఆడను. కొబ్బరి చెట్టుకు 1,500, జీడికి హెక్టారుకు 30 వేలు. ప్రభుత్వం మారాక అది 3,000, 50 వేలు అయింది. రెండు జెండాల వాళ్లూ ఇప్పటికీ మేమిచ్చామంటే మేమిచ్చామని మైకుల్లో తగవులాడుకుంటున్నారు. నా తగవు వేరే. కూలిన చెట్టును లెక్క పెట్టడానికి రెవెన్యూ, ఉద్యానశాఖ, పక్క జిల్లాల సిబ్బంది, ఇంతమంది దిగారు. కూలకుండా ఒరిగిపోయిన చెట్టును ఏం చెయ్యాలో చెప్పడానికి ఒక్కడు దిగలేదు. వేరు కదిలిన జీడిని ఎత్తి నిలబెట్టొచ్చా? విరిగిన కొమ్మ ఎక్కడ కోసి ఏం పూయాలి? కొబ్బరి మొవ్వు మెలితిరిగితే అది బతుకుతుందా, లేక ఎర్రముక్కు పురుగుకు ఇల్లవుతుందా? ఆ నెల రోజులు చాలా తోటలకు ప్రాణం మీది నెల రోజులు. తెలియక కొందరు బతికే చెట్లు కొట్టేశారు. చచ్చే చెట్లకు మరికొందరు రెండేళ్లు ఎరువులు పోశారు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారో ఏడుస్తారో మీ ఇష్టం. తిత్లీ నాటికే కొబ్బరి చెట్టుకు బీమా పథకం ఉంది. పదహారేళ్ల నుంచి అరవై ఏళ్ల మధ్య చెట్టుకు ఏడాదికి ప్రీమియం 14 రూపాయలు. అందులో సగం కొబ్బరి బోర్డు, పావు వంతు రాష్ట్రం, మిగిలిన పావు వంతు రైతు. అంటే మన జేబులోంచి మూడున్నర రూపాయలు, టీ నీళ్లకు చాలవు. చెట్టు పోతే 1,750 రూపాయలు. తిత్లీకి మొదట ప్రకటించిన పరిహారం కన్నా ఎక్కువ! మా ఊళ్లో పదిమందిని అడిగితే, అలాంటిదొకటుందని వినలేదన్నవాళ్లు తొమ్మిదిమంది. పదోవాడు విన్నాడు గానీ ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాడు. వంద చెట్లున్నవాడికి మూడొందల యాభైతో అయ్యే పని, చెప్పే నోరు లేక పోయింది.

తిత్లీకి పడిన కలప మాట తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. మా పనస రెండు కూలాయి, తాత నాటినవి. వ్యాపారి టేపు తెచ్చాడు. మొద్దు చుట్టుకొలత ఆరడుగులు, పొడవు ఎనిమిది. చుట్టుకొలతలో నాలుగో వంతు ఒకటిన్నర, దాన్ని దానితోనే హెచ్చించి ఎనిమిదితో గుణిస్తే పద్దెనిమిది ఘనపుటడుగులు అన్నాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, లారీ తెచ్చుకుని ఎత్తుకుపోయాడు. అది కట్టె వ్యాపారంలో పాతకాలం నుంచి ఉన్న లెక్కేనట, దుంగను కోస్తే పోయే తరుగు ముందే తీసేసే లెక్క. సరే. కానీ ఆ దుంగలో ఉన్న అసలు చెక్క దాదాపు ఇరవై మూడు ఘనపుటడుగులు. పదో తరగతి లెక్కల పుస్తకం తెరిస్తే తెలిసేది. తరుగు ముందే తీసేశాక, "పుచ్చుందండీ" అని ధరలో మళ్లీ ఇంకో తరుగు తీశాడు. బేరంలో అతని వైపు లెక్క తెలిసినవాడున్నాడు, నా వైపు నేను మాత్రమే ఉన్నాను.

అమెరికాలో పదెకరాల అడవి ఉన్న సామాన్యుడు ఇలా ఒంటరిగా నిలబడక్కర్లేదు. అక్కడ సొంతంగా పనిచేసే అటవీ సలహాదారులుంటారు. కలప కొనరు, మొక్కలు అమ్మరు, యజమాని దగ్గర ఫీజు తీసుకుంటారు. ఏ చెట్టు కొట్టాలో రంగు గుర్తు పెడతారు, కొలుస్తారు, నలుగురు వ్యాపారుల దగ్గర సీలు కవర్లలో ధరలు తెప్పిస్తారు. వాళ్లకు 1948 నుంచి సంఘం కూడా ఉంది. ప్రభుత్వం ఖర్చులో వాటా ఇచ్చే పథకాల్లో, అడవికి ప్రణాళిక రాయించుకోవడం కూడా వాటా ఇచ్చే పనే. 2002 వ్యవసాయ చట్టంలో ఇంకో మెట్టు ఎక్కారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు నిపుణుణ్ణి రైతే ఎంచుకోవచ్చు, డబ్బు పథకం నుంచి వస్తుంది. అక్కడంతా స్వర్గమని అనడం లేదు. వాళ్లలోనూ దొంగలుంటారు. కానీ సలహా అనేది ఖర్చు రాయదగిన వస్తువని ఆ దేశం ఒప్పుకుంది.

మనమూ అదే 2002లో ఒక పని చేశాం. అగ్రి క్లినిక్‌ల పథకం. వ్యవసాయ పట్టభద్రులకు శిక్షణ, అప్పు, దాని మీద 36 శాతం, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు 44 శాతం రాయితీ. నడిపేది మన హైదరాబాద్ మేనేజ్ సంస్థే. పేరులోనే క్లినిక్ ఉంది, ఆలోచన మంచిదే. కానీ నేను చూసినంతలో ఆ బోర్డు కట్టిన చోటల్లా లోపల సీసాల బీరువాలే. ఎందుకు? కొట్టు పెట్టడానికి రాయితీ ఇచ్చారు, సలహా కొనడానికి రైతుకు ఇవ్వలేదు. చెప్పిన మాటకు పైసా రాకపోతే ఏ కుర్రాడైనా సీసా మీద కమీషన్‌తోనే బతకాలి. డాక్టరుకు ఫీజు ఇవ్వం, మందులు అమ్ముకుని బతకమంటాం, ఆ తర్వాత మందులెక్కువ రాశాడని ఏడుస్తాం.

సీసా అమ్మేవాడి నోట ఎన్నటికీ రాని మాట ఒకటుంది, "ఏమీ కొట్టకండి" అని. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు ఇదే జరిగింది. ఆకులు నల్లబడేసరికి జనం హడలిపోయి దొరికిందల్లా పిచికారీ చేశారు. పరిశోధకులేమో ఘాటు రసాయనాలు వద్దంటున్నారు, దోమను తినే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు చచ్చిపోతుందని. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు ఐసేరియా శిలీంధ్రం పెంచి ఇస్తున్నారు. "ఊరుకోండి, నీళ్లు కొట్టండి, మిత్రపురుగు వస్తుంది" అనే సలహా రైతుకు వేలు మిగిలిస్తుంది, కొట్టుకు సున్నా మిగిలిస్తుంది. అలాంటి మాట చెప్పగలిగేవాడు ఆ మాట మీదే బతికేవాడై ఉండాలి. ఊరూరా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో, ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేని చోట, అవసరం లేని విషం ఒక్క డబ్బా తగ్గినా మేలే కదా.

కన్సల్టెంట్లు ఎరగని ప్రాంతం కాదు మాది. సోంపేట బీల మీద థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు కంపెనీ తరఫున కాగితాలు రాసిపెట్టే నిపుణులు బాగానే దొరికారు. చేపలు, వరి, తుంగ, వలస పిట్టలతో ఊళ్లకు ఊళ్లను సాకే చిత్తడి నేల వాళ్ల కాగితాల్లో పనికిరాని బంజరైపోయింది. 2010 జులై 14న అక్కడ తుపాకులు పేలి మనుషులు చనిపోయారు. పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి కొట్టేసింది కూడా అదే రోజు. పెద్దవాడికి నిపుణుడు దొరుకుతాడు. ప్రభుత్వానికైతే కేబినెట్ హోదాతో సలహాదారులు దొరుకుతారు, కారూ ఇల్లూ జీతంతో. రెండెకరాల జీడితోటకు మాత్రం సలహా అడిగితే ఖర్చు దండగ!

మా వాళ్ల మీదా నాకు కోపమే. చెట్టుకు మందు సీసా కొనడానికి అప్పు చేస్తాం. చూసి చెప్పినవాడికి వంద ఇమ్మంటే "మాటకు డబ్బేంటి" అంటాం. ఆ గొడ్డలి పెద్దాయనకు ఆ రోజు నేను కూలి మాత్రమే ఇచ్చాను. అతని మాట విలువ కూలికి పదింతలని నాకప్పటికే అర్థమైంది. అయినా ఇవ్వలేదు.

అడిగేది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. తోట రాయితీలో ప్రతి వంద రూపాయలకు పది రూపాయలు సలహా కింద విడదీయండి. ఆ పది ఎవరికివ్వాలో రైతు నిర్ణయించాలి, శాఖ కాదు. పేరు నమోదు చేసుకున్న సలహాదారు మందు, మొక్క, కలప, పిక్క ఏదీ అమ్మకూడదు, కొనకూడదు. అమ్మాడని తేలితే పేరు కొట్టేయండి. ఎకరం, రెండెకరాలవాళ్లు పాతికమంది కలిసి ఒకరిని పెట్టుకునే వీలుండాలి. ఏడాదికి మూడుసార్లు తోట తిరగాలి, చిగురుకు ముందు, పూతలో, తుఫాన్ల కాలానికి ముందు. ప్రతిసారీ ఏం చూశాడో తెలుగులో రాసి సంతకం పెట్టాలి. నైర వ్యవసాయ కళాశాల మా జిల్లాలోనే ఉంది. అక్కడ చదివి బ్యాంకు పరీక్షలకు పోతున్న పిల్లలు ఎంతమందో లెక్కేయండి. డిగ్రీ లేకపోయినా చెట్టు చదవడం వచ్చిన పెద్దవాళ్లను పరీక్ష పెట్టి అదే జాబితాలో చేర్చండి.

ఫారంలో "పంట పేరు" గడి పక్కన ఇంకో గడి వేసి, కలగలుపు తోటకూ రాయితీ ఇవ్వండి.

సలహాదారులు కూడా దళారులైపోతారని ఒక ఆఫీసరు నాతో అన్నాడు. కావచ్చునయ్యా. ఇప్పుడున్నదంతా దళారులే కదా, ఇంతకన్నా చెడేదేముంది? రైతు ఎంచుకున్నవాణ్ణి రైతే మారుస్తాడు. మీరు పంపినవాణ్ణి మార్చే హక్కు మాకెక్కడుంది?

పలాసలో జీడి రైతులు ఎనభై కిలోల బస్తాకు 16 వేలు ఇమ్మని రోడ్డెక్కారు. న్యాయమైన కోరిక, నేనూ వాళ్లతో కూర్చున్నాను. ఈసారి కూర్చున్నప్పుడు ఆ కోరిక పక్కన ఈ కోరిక కూడా రాయండి. గ్రామసభలో మొక్కల జాబితా చదివేటప్పుడు లేచి ఒక్క ప్రశ్న అడగండి: ఈ మొక్కలు వేశాక చూసేదెవరు, ఆయన పేరేమిటి, ఆయనకు డబ్బు ఎవరిస్తున్నారు? జవాబు చెప్పేదాకా సంతకం పెట్టకండి.